ఊరి ఓటుకు ఆ రోజు కూలి ఎవరివ్వాలి? కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి శ్రీ గడ్డం వివేక్ వెంకటస్వామి గారికి,
ప్రతి: పంచాయతీరాజ్ శాఖ మంత్రి శ్రీమతి సీతక్క గారికి

నమస్కారం.

అసెంబ్లీకో లోక్‌సభకో ఓటు వేసే రోజున నా జీతం కోసే హక్కు యజమానికి లేదు. అదే నేను హైదరాబాద్ నుంచి మా ఊరికి వెళ్లి సర్పంచ్‌కు ఓటేసి వస్తే, ఆ రోజు నాకు అలాంటి రక్షణ లేదు. రెండూ ఓట్లే. రెండు రోజులూ వేలికి సిరా అంటుతుంది. జీతం చీటీలోనే తేడా.

కూకట్‌పల్లి వైపు ఒక బట్టల దుకాణంలో నేను ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. ఎవరు ఏ కౌంటర్లో నిలబడాలి, ఎవరికి ఏ వారం వీక్లీ ఆఫ్ అన్న డ్యూటీ చార్ట్ రాసేది నేనే. మా ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నల్లగొండ, పాలమూరు, మెదక్ పల్లెల పిల్లలు. గది కిరాయి నగరంలో, ఓటు ఊళ్లో. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు వాళ్లకు, యాజమాన్యానికి మధ్య నిలబడాల్సింది నేనే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో 135బి అనే సెక్షన్ చేర్చారు. వ్యాపారం, పరిశ్రమ, మరే సంస్థలోనైనా పనిచేస్తూ ఓటు హక్కున్న ప్రతి ఒక్కరికీ పోలింగ్ రోజున సెలవివ్వాలని, ఆ రోజు జీతం కోయకూడదని అది చెబుతుంది. రోజు కూలి మీద పనిచేసేవాళ్లకూ కూలి ఇవ్వాల్సిందే. కార్మికుడు లేకపోతే ప్రమాదమో పెద్ద నష్టమో వచ్చే పనులకు మాత్రం మినహాయింపు ఉంది. పనిచేసే చోటు వేరే నియోజకవర్గంలో ఉన్నా ఈ హక్కు వర్తిస్తుందని ఎన్నికల సంఘం చాలాసార్లు స్పష్టం చేసింది. అంటే ఆ సెలవు ఓటరుతో పాటు నడుస్తుంది, ఎన్నిక జరిగే ప్రాంతంతో కాదు. మంచి సెక్షన్. కానీ అది లోక్‌సభ, అసెంబ్లీ దగ్గర ఆగిపోయింది. పంచాయతీ, మండల పరిషత్, మున్సిపాలిటీ దాని గడప లోపలికి రావు.

పంచాయతీలకు మనం చేసేదేమిటి? ఎన్నిక జరిగే గ్రామాల్లో ఆఫీసులకు, బడులకు స్థానిక సెలవు ప్రకటిస్తాం. ఊళ్లోనే ఉన్నవాడికి అది సరిపోతుంది. ఊరు వదిలి నగరంలో బతుకుతున్నవాడికి ఆ ప్రకటన పేపర్లో చదువుకోవడానికే పనికొస్తుంది. మా మేనేజర్ అడిగిన మాటా అదే: “ఎలక్షన్ మీ ఊళ్లో కదా, కూకట్‌పల్లిలో కాదు కదా?” ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన ముందు పెట్టడానికి నా చేతిలో కాగితం లేదు.

ఈ ఎన్నికల కోసం పల్లెలు ఎంతగా ఎదురు చూశాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఆరంభంలోనే ముగిసింది. ఆ తర్వాత రెండేళ్ల దాకా ప్రత్యేక అధికారుల పాలన. 2025 సెప్టెంబరు చివర్లో ఒకసారి షెడ్యూలు వచ్చి, అక్టోబరులో బీసీ రిజర్వేషన్ల జీవోపై హైకోర్టు స్టేతో ఆగిపోయింది. ఆ షెడ్యూలు చూసి ముందే సెలవు రాయించుకున్నవాళ్లు మళ్లీ కొట్టేయించుకున్నారు. చివరికి నవంబరు 25న కొత్త షెడ్యూలు వచ్చింది. డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగ్.

ఆ తేదీల్లో మధ్యది ఆదివారం. ఆఫీసు ఉద్యోగి దృష్టిలో ఆదివారం పోలింగ్ అంటే ఎవరికీ ఇబ్బంది లేని పోలింగ్. బట్టల దుకాణంలో, మాల్‌లో, హోటల్లో ఆదివారమే అసలు పని దినం. మా దగ్గర ఆదివారం వీక్లీ ఆఫ్ అడగడమే నేరంలా చూస్తారు. పైగా పంచాయతీ పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకే. అసెంబ్లీ ఎన్నికల్లోలా సాయంత్రం దాకా సమయం ఉండదు. రాత్రి పదింటికి షట్టర్ దించి, లెక్క చూసి, గదికి చేరి, తెల్లవారుజామున ఎంజీబీఎస్ బస్టాండులో బస్సెక్కి, మండల కేంద్రంలో దిగి, అక్కడ ఆటో పట్టుకుని ఒంటిగంట లోపు బూత్‌కు చేరాలి. రెండు గంటలు పర్మిషన్ ఇస్తామన్న పెద్దమనుషులు ఈ దారి ఒకసారి లెక్క కట్టుకుంటే బాగుండేది.

చీరల కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి నాతో అన్నది: “అన్నా, ఓటేస్తే రోజు జీతం పాయె, ఎయ్యకుంటే ఊర్ల మాట పాయె.” ఆమెకు బస్సు ఖర్చు లేదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసింది మీ ప్రభుత్వమే, దానికి దండం. ఆమెను ఆపుతున్నది జీతం కోతే. ఒక్క రోజు ఆబ్సెంట్ పడితే ఆ రోజు జీతంతో పాటు నెలాఖరున వచ్చే అటెండెన్స్ బోనస్ కూడా పోతుంది. సొంత సెలవు వాడుకోమంటారు. అందులో పండుగకు కొంత, పిల్లల జ్వరానికి కొంత, ఊళ్లో చావుకో పెళ్లికో కొంత పోయాక డిసెంబరుకు మిగిలేదేమీ ఉండదు. ఏడాది చివర్లో ఎన్నిక పెడితే సెలవు ఖాతా ఖాళీగా ఉంటుందని ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ప్రభుత్వం వదిలేసిన కూలిని మరి ఎవరిచ్చారు? మీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. అభ్యర్థులు ఇచ్చారు. నగరంలో ఉన్న ఊరివాళ్లందరినీ ఒక ఫంక్షన్ హాలుకు పిలిచి ఆత్మీయ సమ్మేళనం అన్నారు. ఫోన్‌పేలో రానుపోను చార్జీలు వేశారు. కార్లు పెట్టారు. కొందరికి “నీ రోజు కూలి కూడా నేనే ఇస్తా” అన్నారు. ఆ డబ్బు తీసుకున్న కుర్రాణ్ని అమ్ముడుపోయాడని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాడికి పోయింది వాడి జీతం. దాన్ని తిరిగిచ్చినవాడు చట్టమైతే వాడు స్వేచ్ఛగా ఓటేసి వచ్చేవాడు. ఇచ్చినవాడు అభ్యర్థి అయ్యాడు కాబట్టి బూత్‌లోకి అప్పుతో వెళ్లాడు. ఈసారి కూడా ఒక్క ఓటుతో గెలిచిన సర్పంచులున్నారు. అలాంటి ఊళ్లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక్క కారు ఎంత బరువు తూగుతుందో మీలాంటి రాజకీయ కుటుంబం నుంచి వచ్చినవారికి వేరే చెప్పాలా?

ఓటు నగరానికి మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. కానీ పదకొండు నెలల అగ్రిమెంటు కూడా లేని గదిలో ఉండేవాడు ఏ చిరునామా రాయాలి? కిరాయి పెరిగితే బస్తీ మారతాడు. అమ్మకు పింఛను ఊళ్లో, రేషన్ కార్డు ఊళ్లో, ఎకరమో అరెకరమో పొలం ఊళ్లో. ఇందిరమ్మ ఇల్లు ఎవరికొస్తుందన్న చర్చ కూడా ఊళ్లోనే. వాడి జీవితాన్ని రోజూ తాకే ప్రభుత్వం ఆ పంచాయతీయే. అక్కడ ఓటు వదులుకోమనడం ఏ న్యాయం?

యజమానుల మాటలోనూ కొంత నిజముంది. ఏడాదంతా ఏదో ఒక ఎన్నిక, ప్రతిదానికీ జీతంతో సెలవంటే చిన్న దుకాణం మీద భారమే. కానీ మూడు విడతల ఎన్నిక అంటే ఒక్కొక్కరికి ఒక్క రోజే. అందరూ ఒకేసారి వెళ్లరు, షట్టర్ దించే పని లేదు. డ్యూటీ చార్ట్ రాసేవాడిగా చెబుతున్నాను, నడిపించవచ్చు. అయిదేళ్లకు ఒక రోజు ఇది.

ఇంకో వాదన మరీ చిత్రంగా ఉంటుంది. సెలవిచ్చినా నగరంలో జనం ఓటేయరు, ఇంట్లో పడుకుంటారు అని. నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో పోలింగ్ సగానికి చేరలేదు, 48 శాతం దాటి ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో పల్లెల్లో మొదటి విడతలోనే 84 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి సెలవు దండగని తేల్చేస్తారు. నాకు తోచేది వేరు. సెలవు హామీ ఉన్నచోట ఓటు మీద ఆసక్తి తక్కువ, ఆసక్తి ఉన్నవాడికి సెలవు హామీ లేదు. పైగా సెలవన్నది ఓటు శాతం పెంచే తాయిలం కాదు. పోలింగ్ నలభై శాతమే జరిగినా ఆ నలభై మంది జీతం పోకూడదు.

ఈ సందర్భంలో ఒక మాట. కొన్నిచోట్ల తిరిగొచ్చిన కార్మికుడి వేలు చూసి, సిరా ఉంటేనే జీతం, లేకపోతే కోత అంటున్నారు. ఓటు వేయాలో వద్దో కూడా ఓటరు ఇష్టమే. వేలు చూపించమని అడగడాన్ని స్పష్టంగా నిషేధించండి.

అసలు చట్టం ఉన్నచోటైనా అది నడుస్తోందా? నవంబరు 6, 11 తేదీల్లో బిహార్‌లో అసెంబ్లీ పోలింగ్ జరిగింది. మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, అపార్ట్‌మెంట్ల దగ్గర సెంట్రింగ్ కొట్టేవాళ్లు ఎంతోమంది ఆ రాష్ట్రం వాళ్లు. 135బి ప్రకారం ఆ రోజు కూలి వాళ్లకు మిర్యాలగూడలో ఉన్నా రావాలి. వానాకాలం ధాన్యం మిల్లులకు చేరే రోజులు అవి. సికింద్రాబాద్ నుంచి రైల్లో పోయి రావడానికే రెండు మూడు రోజులు పడుతుంది, ఒక్క రోజు కూలి దానికి ఏ మూలకూ చాలదు. ఆ ఒక్క రోజుదైనా ఇచ్చారా అని మీ శాఖ ఒక్క మిల్లును అడిగిందా? ఇవ్వని యజమానికి చట్టం వేసే జరిమానా 500 రూపాయల వరకు. 1996లో రాసిన అంకె ఇప్పటికీ మారలేదు. మా దుకాణంలో ఒక మామూలు కుర్తీ ధర అది.

2025వ సంవత్సరం కార్మికుడికి చాలా మార్పులు తెచ్చింది. వాటిలో ఎక్కువ భాగం అతన్ని అడిగి చేసినవి కావు. జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 గంటలే పరిమితి అని ఉత్తర్వు ఇచ్చారు. దుకాణాలకు అది వర్తించదని అందులోనే ఉంది. ఆ ముక్క మాత్రం దుకాణాల యజమానులెవరికీ వినబడలేదు, పది గంటలన్న మాట ఒక్కటే వినబడింది. జూన్ 30న పాశమైలారం రసాయన ఫ్యాక్టరీ పేలుడులో, ఆచూకీ దొరకనివాళ్లతో కలిపి 54 మంది పోయారు. ఆ పొద్దున లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది. మస్టరులో పేరే సరిగా లేని మనిషికి చావు పరిహారం అడగాలన్నా, ఓటు రోజు కూలి అడగాలన్నా ఒకటే గోడ అడ్డం. నవంబరు 21న కేంద్రం పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఏడాదికి 240 రోజులు పనిచేస్తేనే వచ్చే వార్షిక సెలవు ఇక 180 రోజులకే వస్తుందన్నారు. అది మంచి మార్పే. ఆ కోడ్‌లలోనూ పంచాయతీ ఓటు ఊసు లేదు. ఏడాది చివర్లో డిసెంబరు 25న, 31న గిగ్ కార్మికులు యాప్‌లు ఆపి సమ్మెకు దిగారు. సెలవు ఎవరిని అడగాలో తెలియని ఉద్యోగం వాళ్లది. వాళ్ల గురించి వేరే ఉత్తరం రాయాలి.

మంత్రి గారూ, దీనికి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. స్థానిక సంస్థల ఎన్నికలకు సంబంధించి చట్టం చేసే అధికారం రాజ్యాంగంలోని 243కె, 243జెడ్‌ఏ అధికరణాల కింద రాష్ట్ర శాసనసభకే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో, 2019 మున్సిపాలిటీల చట్టంలో, జీహెచ్ఎంసీ చట్టంలో 135బి లాంటి సెక్షన్ ఒక్కొక్కటి చేర్చండి. సెలవు ఓటరు పేరు ఏ జాబితాలో ఉందో దాన్ని బట్టి రావాలి, దుకాణం బోర్డు ఏ వీధిలో ఉందో దాన్ని బట్టి కాదు. పంచాయతీ పోలింగ్ మధ్యాహ్నానికే ముగుస్తుంది కాబట్టి వేరే జిల్లాకు వెళ్లాల్సినవాళ్లను ముందు రోజు సాయంత్రం షిఫ్టు నుంచి వదలాలి. ఆ రోజును సొంత సెలవులోంచి కోయకూడదు, అటెండెన్స్ బోనస్‌కు అడ్డుపెట్టకూడదు. ఉల్లంఘిస్తే జరిమానా ఒక్కో కార్మికుడికి లెక్కగట్టాలి, కోసిన జీతం తిరిగి ఇప్పించాలి. ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి విషయంలో ఏజెన్సీది బాధ్యతా, దుకాణానిదా అని తోసుకోకుండా ఇద్దరి మీదా రాయండి. ఫిర్యాదు తీసుకునే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ ఫోన్ నంబరు ఉత్తర్వులోనే వేయండి.

చట్ట సవరణకు సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఒక జీవో చాలు. పంచాయతీలతో పాటు మున్సిపల్, పరిషత్ ఎన్నికలూ ఉంటాయి. నోటిఫికేషన్ వచ్చిన రోజునే ఆ జీవో కూడా వస్తే మా మేనేజర్ ముందు పెట్టడానికి నా చేతిలో కాగితం ఉంటుంది. పోలింగ్ ముందు రోజు రాత్రి వచ్చే జీవో మాకు పనికిరాదు. మా డ్యూటీ చార్ట్ వారం ముందే గోడ మీద పడుతుంది.

ఇట్లు,
కూకట్‌పల్లి ప్రాంతంలోని ఒక బట్టల దుకాణం ఫ్లోర్ సూపర్‌వైజర్,
నల్లగొండ జిల్లా ఓటరు
జనవరి 2026