పడవ అమ్మేవాళ్లు దాని చరిత్ర కూడా చెప్పాలి

సంపాదకులకు,

సెకండ్ హ్యాండ్ క్రూయిజర్ రేసర్ (విహారానికీ, పందేలకూ పనికొచ్చే) తెరచాప పడవల ప్రకటనల్లో ‘బాగా చూసుకున్నది’ అని ఉంటే నేను ముందు అడిగేది తెరచాప స్తంభాన్ని పట్టి నిలిపే స్టీలు తీగల వయసు. పైకి నిగనిగలాడినా పది పదిహేనేళ్లకోసారి వాటిని మార్చాల్సిందే.

అంతకంటే ముఖ్యం కీల్, అంటే అడుగున ఉండే బరువైన రెక్క. 2014లో ‘చీకీ రఫీకి’ అనే ఇలాంటి పడవకే అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయింది. అందులో ఉన్న నలుగురూ ప్రాణాలు కోల్పోయారు. పాత తాకిడులు, రిపేర్ల వల్ల కీల్‌ను పడవకు కలిపే అతుకు బలహీనపడి ఉండొచ్చని దర్యాప్తులో చెప్పారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే పడవ ఎప్పుడైనా నేలకు తగిలిందా, రిపేరు ఎలా చేశారు అన్నది ప్రకటనలోనే రాయాలి. కొనేవాళ్లు కూడా పడవను నీళ్లలోంచి పైకి తీయించి, కీల్ బోల్టుల చుట్టూ తుప్పు మరకలు, పగుళ్లు ఉన్నాయేమో సర్వేయర్‌తో, అంటే పడవలను తనిఖీ చేసే నిపుణుడితో, చూపించుకోండి. కొత్త తెరచాపలు చూసి మురిసిపోవడం తర్వాత.

ఒక పాఠకుడు