మన సంఘం వార్షిక నివేదిక, 2024-25: దంపుడు బియ్యం ఉమ్మడి కొనుగోలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, పిల్లల తెలుగు తరగతులు, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. నేను మాత్రం ఈసారి ఎక్కువగా దంపుడు బియ్యం (బ్రౌన్ రైస్) గురించే రాస్తున్నాను. షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం మొదలుపెట్టిన ఈ ఉమ్మడి కొనుగోలు మీదే ఏడాదంతా నాకు ఎక్కువ ఫోన్లు వచ్చాయి.

మేలో జరిగిన పొరపాటు ముందు చెప్తాను. రేటు కలిసొస్తుందని మూడు నెలల సరుకు ఒకేసారి తెప్పించి సంఘం గదిలో పేర్చాం. వానలు మొదలయ్యాక చాలా బస్తాలు ముక్క వాసన కొట్టాయి, కొన్నిటికి పురుగు పట్టింది. బియ్యం పాతబడితేనే అన్నం పొడిపొడిగా వస్తుందన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట. అది తెల్ల బియ్యానికే చెల్లుతుంది. దంపుడు బియ్యానికి ఊక మాత్రమే తీస్తారు, తవుడు పొర అలాగే ఉంటుంది, ఆ పొరలో నూనె ఉంటుంది. ఊక ఊడేటప్పుడు పొర గీసుకుపోతే అక్కడి నుంచి నూనె పాడవడం మొదలవుతుంది. బాగా ఆరిన బియ్యం కూడా ఫ్రిజ్‌లో కాక బయట ఉంచితే ఆరు నెలలు నిలవడం కష్టం. మన గదిలో చెమ్మ ఉంది, పైగా మిల్లులో ఎప్పుడు ఆడించారో అడగలేదు. పాడైన బస్తాల డబ్బు సభ్యులకు తిరిగి ఇచ్చేశాం.

ఆగస్టులో ఇంకో టెన్షన్. మన సరుకు వచ్చేది కర్ణాటకలోని సింధనూరు వైపు నుంచి. తుంగభద్ర నీళ్లు వచ్చాక ఆంధ్ర నుంచి వెళ్లి అక్కడ క్యాంపులనే ఊళ్లలో స్థిరపడిన రైతుల పొలాలవి, మనలో కొందరి బంధువులు అక్కడే ఉన్నారు. ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ ఇళ్లలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. అంతకు ముందు ఏడాదే కరువు. వారం రోజుల్లో గేటు స్థానంలో స్టాప్‌లాగ్ అనే ఇనుప పలకలు దింపి నీళ్లు ఆపారు, తర్వాత వానలు పడ్డాయి, పంట దక్కింది.

"పాలిష్ ఖర్చు లేనప్పుడు ఇది తెల్ల బియ్యం కంటే ఎందుకు ఎక్కువ రేటు?" అని చాలామంది అడిగారు. పాలిష్ పడితే తవుడు నూనె మిల్లుకు అమ్ముడుపోతుంది, ఇక్కడ ఆ రాబడి లేదు. పాలిష్‌లో కలిసిపోయే పచ్చ గింజ, మచ్చ గింజ ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి ఏరివేత ఎక్కువ. కొద్ది సరుకు కోసం మర ఆపి మళ్లీ సర్దాలి. ఆపైన నిలవ ఉండదన్న భయం.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2024-25కి సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ప్రభుత్వం ఆ వడ్లను మిల్లులకిచ్చి క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తీసుకుంటుంది. ఆ లెక్కలో దంపుడు బియ్యం లేదు. తెల్ల బియ్యం రేటు పెరిగితే గోదాముల నుంచి వదిలి దించవచ్చు, మన బియ్యానికి అలాంటి ఆసరా లేదు. కానీ ఎగుమతి నిబంధనల దెబ్బ మాత్రం దీనికీ తగులుతుంది. 2022 సెప్టెంబరులో దీని ఎగుమతిపై 20 శాతం సుంకం వేశారు, 2024 సెప్టెంబరు చివర్లో 10కి తగ్గించారు, అక్టోబరు 22న పూర్తిగా ఎత్తేశారు. తెల్ల బియ్యం ఎగుమతి నిషేధం కూడా సెప్టెంబరులోనే పోయింది. ఏ బియ్యమైనా ఆ వడ్ల నుంచే రావాలి కాబట్టి అలాంటి ప్రతి ప్రకటన తర్వాత మిల్లుకు ఫోన్ చేసి రేటు కనుక్కోవడం నాకు అలవాటైంది.

జీఎస్టీ మాట కూడా చెప్పాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం పన్ను ఉంది. అందుకే మార్కెట్లో 26 కిలోల బస్తాలు వచ్చాయి. తెల్ల బియ్యానికి అది లాభమే. నలుగురున్న ఇంట్లో పూటకో గుప్పెడు వండుకునే దంపుడు బియ్యం 26 కిలోలు తెచ్చుకుంటే, మిగిల్చిన పన్ను కంటే పారబోసే బియ్యమే ఎక్కువవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: పన్ను కట్టి అయినా 5 కిలోల ప్యాకెట్లే తీసుకుందాం.

బాస్మతిలో బ్రౌన్ రకానికి కూడా కలిపి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ విడిగా ప్రమాణాలు పెట్టింది, 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్నాయి. మనం తినేది సోనా మసూరి, ఆ ప్రమాణాలు దానికి వర్తించవు. కాబట్టి మనమే చూసుకోవాలి. గింజ మొనలో మొలక భాగం చెక్కుచెదరకుండా ఉందా? ఒకటి రెండు రోజులు నానబెడితే కొన్ని గింజలైనా మొలక చూపుతున్నాయా? సగం పాలిష్ పట్టిన బియ్యాన్ని దంపుడు బియ్యమని అంటగట్టడం ఈ ఏడాది ఒక దుకాణంలో మేమే చూశాం.

బియ్యంలో చేరే ఆర్సెనిక్ అనే విషపదార్థం గురించి ఒక డాక్టరు గారు అడిగారు. అది తవుడు పొరలో ఎక్కువగా చేరుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యానికి 0.35. నానబెట్టి, ఎక్కువ నీళ్లలో వండి, గంజి వార్చేస్తే కొంత పోతుంది. అమ్మమ్మలు వండిన పద్ధతి అదే. పసిపిల్లలకు రోజూ ఇదే పెట్టకండి. వరికి వచ్చే అగ్గి తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ మందు అవశేషాల సంగతి కూడా మరవొద్దు. 2018 నుంచి యూరప్ మన బాస్మతికి దాని పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాములకు కుదించింది. మన మిల్లుకు వడ్లిచ్చే రైతులు ఏ మందు, ఎప్పుడు కొట్టారో రాసిస్తామన్నారు. ఆ కాగితం వచ్చాకే వచ్చే పంటకు అడ్వాన్స్ ఇస్తాం.

ఇకపై నెలకొకసారే తెప్పిస్తాం. ప్రతి నెలా మొదటి ఆదివారంలోగా మీ ఆర్డరు చెప్పండి. మిల్లువాళ్లు ఆ వారంలోనే ఆడించి, తేదీ వేసి పంపుతారు. బస్తాలా, ప్యాకెట్లా అన్నది సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చుకుందాం.

కార్యదర్శి