ట్రైనీలను ఏప్రిల్‌లో చేర్చుకోండి, మార్చి దాకా ఉంచండి

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి సీతక్క గారికి,

నమస్కారం.

2025 డిసెంబర్‌లో మూడు విడతల ఎన్నికల తర్వాత తెలంగాణ ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. అంతకుముందు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఇప్పుడు చాలాచోట్ల సర్పంచ్ కొత్త, ఉప సర్పంచ్ కొత్త, వార్డు సభ్యులు కొత్త. పాత లెక్క ఎక్కడుందో తెలిసింది పంచాయతీ కార్యదర్శికి, పన్నులు, రికార్డులు చూసే కారోబార్‌కు మాత్రమే. ఈ ఇద్దరి పక్కన కూర్చుని ఏడాదిపాటు పని నేర్చుకునే డిగ్రీ చదివిన మూడో మనిషి, అంటే ఒక ట్రైనీ కావాలి. రేపు కార్యదర్శి పోస్టు పడితే ఆ ఏడాదికి మార్కుల్లో విలువ దక్కాలి. నల్లగొండ, పాలమూరు పంచాయతీల లెక్కలూ నీళ్లూ పన్నులూ దగ్గరగా తెలిసినవాళ్లం కలిసి మిమ్మల్ని అడుగుతున్నది ఇదే.

ఏడాది అని పట్టుబట్టడానికి కారణం ఉంది. కాలేజీ పిల్లలు ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు వచ్చిపోతే వాళ్లు చూసేది పంచాయతీ కాదు, పంచాయతీ ఆఫీసు. ఊరి పని ఏప్రిల్‌లో మొదలవుతుంది. పోయినేటి బకాయిలు దింపుకొని, ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో చూపే కొత్త డిమాండ్ రిజిస్టర్ రాసేది అప్పుడే. వానలు పడగానే ట్యాంకులు కడగడం, మోరీలు తీయించడం, నర్సరీ మొక్కలు నాటించడం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి కాబట్టి ఆ లెక్క శీతాకాలం దాకా సాగుతుంది. అక్టోబర్ 2 నుంచి వచ్చే ఏడాది అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు. జనవరి నుంచి మార్చి దాకా వసూళ్లు, వోచర్లు సర్దడం, ఆడిట్‌కు తయారీ. వీటిలో ఏదీ ఆరు వారాల్లో ఇమడదు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలన్న నిబంధన ప్రకారం ఏడాదంతా ఉన్న ట్రైనీకి ఆరు గ్రామసభలు దొరుకుతాయి. నోటీసు రాయడం, కోరం చూడటం, తీర్మానం ఎవరూ తప్పుపట్టలేని మాటల్లో రాయడం ఆరుసార్లు చేస్తేగానీ చేతికి రావు.

పన్నుల సంగతే చూడండి. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు ఊళ్లలో తాళం వేసిన ఇళ్లు ఎన్నో. మనుషులు ముంబైలోనో పుణెలోనో ఉంటారు. ఆగస్టులో నోటీసు తలుపుకు అంటిస్తే గాలికి పోతుంది. వలస వెళ్లినవాళ్లు దసరాకు వస్తారు, ఉగాదికి వస్తారు. ఆ పండుగ రోజులకు ముందే ఇంటివారీగా బకాయి చీటీలు రాసిపెట్టుకున్న పంచాయతీకి వసూలవుతుంది. ఈ కిటుకు ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు, కారోబార్‌కు తెలుసు. ఆయన రిటైరైన రోజు అది ఊరికి లేకుండా పోతుంది.

వలస ఊళ్లలోనే ఇంకో చిక్కుంది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. బిడ్డ పుణెలో పుడితే పత్రం పుణెలోనే తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత ఊరికొచ్చి కార్యదర్శిని అడిగితే ఆయన ఇవ్వలేరు, ఇస్తే తప్పు. ఊళ్లోనే పుడితే 21 రోజుల్లోపు రుసుం లేకుండా, 30 రోజుల్లోపు ఆలస్య రుసుంతో నమోదవుతుంది. ఆపైన ఏడాదిలోపైతే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే. అంగన్‌వాడీ, ఆశ కార్యకర్తల రిజిస్టర్లతో నెలకోసారి పోల్చి, తప్పిపోయిన పేర్లు 21 రోజులు దాటకముందే పట్టుకోవడం ట్రైనీకి అప్పగించదగ్గ పని. పెళ్లయి పేరు మారిన తల్లి వివరాలు ఆధార్‌లో ఒకరకంగా, ఆసుపత్రి కాగితంలో ఇంకోరకంగా ఉంటాయి. అక్కడ తొందరపడితే ఆ తప్పు బిడ్డ పదో తరగతి మెమో దాకా వెంట వస్తుంది.

నీళ్ల పని మరీ ముఖ్యం. నలభై వేల లీటర్ల ట్యాంకుకు మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు 100 గ్రాములు పడుతుంది. అంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. దాన్ని బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోయాలి. అరగంట ఆగి నీళ్లు వదలాలి. చివరి వీధి నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో కిట్‌తో చూడాలి. తప్పు జరిగేది ఎక్కువగా మూడు చోట్ల. మూతి విప్పిన సంచి నెలల తరబడి తేమలో ఉండి పొడి చచ్చిపోతుంది. వాటర్‌మన్ గ్రాములు కాదు, గుప్పెళ్లు కొలుస్తాడు. పరీక్ష ట్యాంకు కిందనే చేసి, చివరి నల్లా దాకా ఎవరూ పోరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు దీనికి తోడు ఫ్లోరైడ్ ఉంది. మిషన్ భగీరథ తాగునీటి పైపు పగిలి రెండు రోజులు నీళ్లు ఆగితే పాత బోరు మోటారు వేస్తారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ బ్లీచింగ్‌తో పోదు, మరిగించినా పోదు. ఏ బోరు తాగడానికి పనికిరాదో ఎర్ర రంగు వేసి, రిజిస్టర్‌లో రాసి, కొత్త సర్పంచ్‌కు చూపించే మనిషి ప్రతి ఊళ్లో ఉండాలి.

ఇక ట్రైనీతో చేయించకూడనివి. పన్ను డబ్బు చేతపట్టకూడదు, రసీదుపై సంతకం పెట్టకూడదు, కార్యదర్శి డిజిటల్ సంతకం కీ ముట్టకూడదు. బిల్లు తయారుచేయొచ్చు, జరిగిన పనుల కొలతలు రాసే ఎంబీ పుస్తకంతో సరిచూడొచ్చు, నగదు పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్‌తో పోల్చొచ్చు. కీ చేతులు మారిన చోట రేపు తేడా వచ్చిన డబ్బు కట్టమని రికవరీ వస్తే ఎవరు చెల్లించాలన్నది తేలదు, నలిగేది అందరికన్నా చిన్నవాడే. రోజూ పొద్దున యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని పూర్తిగా ట్రైనీ మీదికి నెట్టకుండా కూడా చూడాలి. ఆ ఒక్క పనితోనే ఏడాది గడిచిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

సొంత మండలంలో ఉండొచ్చు, సొంత ఊళ్లో వద్దు. మేనమామ ఇంటికి పన్ను కొలవమంటే ఎవరికైనా కష్టమే.

డబ్బు ఎక్కడిదంటే, 1961 అప్రెంటిస్‌ల చట్టం కిందనే దారి ఉంది. 2019 నిబంధనల్లో డిగ్రీ పట్టభద్రుడికి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు. కేంద్రం అందులో సగం, 4,500 తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ లెక్కనే ముప్పై మండలాల జిల్లాలో మండలానికి ఇద్దరు చొప్పున 60 మందికి ఏడాదికి 64 లక్షల 80 వేలు, రాష్ట్రం మీద పడేది 32 లక్షల 40 వేలు. అయితే ఈ చట్టం కిందికి రావడానికి సిబ్బంది సంఖ్య లెక్క ఉంది. నలుగురు కూడా లేని చిన్న పంచాయతీ విడిగా నమోదు కాలేదు. 500 జనాభా దాటిన తండాలను పంచాయతీలు చేసిన దేవరకొండ ప్రాంతంలో అలాంటివే ఎక్కువ. అందుకని జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయాన్నే సంస్థగా నమోదు చేసి, ట్రైనీలను అక్కడినుంచి ఊళ్లకు పంపాలి. స్టైపెండ్ కూడా అక్కడినుంచే నెల మొదటి వారంలో ఖాతాలో పడాలి. అమ్మాయిలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమే గానీ, చందంపేట, అమ్రాబాద్ లోపలి ఊళ్లకు బస్సే తక్కువ. అక్కడివాళ్లకు ప్రయాణ భత్యం వేరుగా ఇవ్వాలి.

అన్నిటికన్నా బరువైన విషయం, ఏడాది తర్వాత ఏమిటన్నది. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. నెలకు 15,000తో, మూడేళ్ల ప్రొబేషన్ మాటతో చేరినవాళ్లు అది నాలుగేళ్లకు సాగి, చివరికి 2023లో సమ్మెకు దిగితేగానీ రెగ్యులరైజేషన్ కదలలేదు. ముందు రాసిపెట్టని మాట మీద నెట్టుకొచ్చినందుకే అంత బాధ. మళ్లీ అలా జరగకూడదు. ట్రైనీ ఉద్యోగి కాడని అప్రెంటిస్‌ల చట్టమే చెబుతోంది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు వెనుక దారి నియామకాలకు తలుపు మూసింది. కాబట్టి ఉద్యోగం ఇస్తామని ఆశపెట్టవద్దు. అయితే 1995లో అదే కోర్టు, మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 2014 సవరణ తర్వాత, శిక్షణ పూర్తిచేసినవారి నియామకంపై ప్రతి సంస్థా సొంత విధానం రాసుకోవాలి. మన రాష్ట్రంలోనే నమూనా ఉంది. స్టాఫ్ నర్సుల ఎంపికలో 80 మార్కులు పరీక్షకు, 20 పాయింట్లు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు ఇచ్చారు. గిరిజన ప్రాంతంలో ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2.

పంచాయతీ కార్యదర్శి పోస్టులకూ ఇదే తీరులో గరిష్టంగా 5 పాయింట్లు పెట్టండి. నల్లమల చెంచు గూడేల్లో ఏడాది చేసినవారికి 5, మైదానంలో చేసినవారికి 4. అంతకుమించి వద్దు. ట్రైనీ అవకాశం దొరకని పేద పిల్లలకు పరీక్ష దారి ఇరుకు కాకూడదు. ఈ పాయింట్లను శిక్షణ ప్రకటనతోపాటే సర్వీసు నిబంధనల్లో చేర్చాలి, తర్వాత మెమో ఇస్తే కోర్టులో నిలవదు. ఎంపిక డిగ్రీ మార్కులతో, రిజర్వేషన్ రోస్టర్‌తో జరగాలి. ఇంటర్వ్యూ పెడితే సిఫారసులు మొదలవుతాయి.

పాయింట్లు హాజరుకు కాదు, పనికి రావాలి. ట్రైనీ డైరీలో ఆరు గ్రామసభల ముసాయిదా తీర్మానాలు, పన్నెండు నెలల నగదు పుస్తకం పోలికలు, స్వయంగా టేపు పట్టి కొలిచిన 50 ఇళ్లు, వారంవారం క్లోరిన్ రీడింగులు ఉండాలి. మండల పంచాయతీ అధికారి (ఎంపీవో) నెలకోసారి సంతకం పెట్టాలి, డివిజనల్ పంచాయతీ అధికారి (డీఎల్‌పీవో) మూడు నెలలకోసారి ఊరికొచ్చి రిజిస్టర్లతో పోల్చాలి. చేరగానే రెండు వారాలు రాజేంద్రనగర్‌లోని రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థలో తరగతులు చాలు. నేర్పే కార్యదర్శికి కూడా నెలకు కొంత గౌరవ వేతనం ఇవ్వండి, ఇప్పటికే ఆయన మీద ఉన్న పనికి ఇది అదనం.

వచ్చే ఏప్రిల్‌కు నాలుగు మండలాలతో మొదలుపెట్టమని కోరుతున్నాం. ఫ్లోరైడ్ కోసం మర్రిగూడ, తండా పంచాయతీల కోసం చందంపేట, చెంచు గూడేల కోసం అమ్రాబాద్, వలస కోసం కోస్గి. ప్రకటన ఫిబ్రవరి చివరికల్లా రావాలి. మార్చిలో వస్తే ఎంపిక ముగిసేసరికి మే దాటుతుంది, కొత్త డిమాండ్ రిజిస్టర్ రాయడం అప్పటికే అయిపోతుంది.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల పంచాయతీ పనులు తెలిసిన కొందరు పౌరులు