చెయ్యి తియ్యకురా మావా!

రెడింగ్,
3 ఆగస్టు 2019, శనివారం

ఒరేయ్ మావా,

ముందు తిట్టేసెయ్. జూన్‌లో వచ్చిన ఉత్తరానికి ఆగస్టులో జవాబు రాసేవాణ్ణి మీ నానమ్మ ఏమనేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అనేశావా? అయితే విను.

మేం బానే ఉన్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది, ఆఫీసు అంతకన్నా అలాగే ఉంది. పాపకి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ వచ్చిందో రాయి. కాకినాడలోనే వస్తే పార్టీ నాది. ఇక కుశలప్రశ్నలు చాలు, మూడు వారాలుగా కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో మోటార్‌హోమ్ కొన్నానని చెప్పాను కదా, ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టిన ఇల్లుబండి. మీ చెల్లెమ్మ దానికి 'మేనా' అని పేరు పెట్టింది, మోసేది మాత్రం నా జీతం. జూలైలో దాన్నేసుకుని స్కాట్లండ్ పోయాం. అవీమోర్ దగ్గర, కెయిర్న్‌గార్మ్స్ కొండల కింద, స్కాట్స్ పైన్ చెట్ల మధ్య బస. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, వెంటనే సిగ్గుపడి పోతుంది. ఆదివారం 14న లార్డ్స్‌లో వరల్డ్‌కప్ ఫైనల్. మన సంగతి 10నే తేలిపోయింది. ధోనీ రనౌట్ మాట ఈ ఉత్తరంలో ఎత్తను, నువ్వూ ఎత్తకు. ఫైనల్ మాత్రం ఈసారి ఛానల్ ఫోర్‌లో ఊరికే చూపిస్తున్నారు. ఉపగ్రహం నుంచి ఊరికే వచ్చే ఛానళ్ళని పట్టే ఫ్రీశాట్ బాక్సుకి కార్డూ అక్కర్లేదు, నెలనెలా చందా అక్కర్లేదు. అరవై సెంటీమీటర్ల డిష్, మూడుకాళ్ళ స్టాండు, పన్నెండు వోల్టుల టీవీ, అన్నీ సర్దుకునే బయల్దేరా. పది నిమిషాల పని అన్నాడు అమ్మినవాడు. వాడి నోట్లో పంచదార పొయ్య.

మన ఊళ్ళో డిష్ ఎలా ఉంటుంది? వాన కోసం చూసే రైతులాగా తల పైకెత్తి ఉంటుంది. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహమంటే కాకినాడకి దాదాపు నడినెత్తి మీదే, డెబ్భై డిగ్రీల ఎత్తు. ఇక్కడి ఉపగ్రహాలు 28.2 డిగ్రీల తూర్పున, అంటే ఎక్కడో కాంగో అడవుల నెత్తిన, ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల పైన. ఇంత ఉత్తరాన నించుని చూస్తే అవి ఆగ్నేయంలో పంతొమ్మిది డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. పైగా డిష్ గిన్నె వాలుగా మలిచి ఉంటుంది కదా, సరిగ్గా పెట్టినప్పుడు అది నేలచూపులు చూస్తున్నట్టుంటుంది. నాకేం తెలుసు? ఆకాశంలోకి ఎత్తి గంటసేపు తిప్పాను. దాన్నిండా వాన చినుకులు పడ్డాయి, బొమ్మ పడలేదు.

లోపల్నుంచి మా అమ్మాయి "లేదు నాన్నా", నేను "ఇప్పుడు?", అది "లేదు నాన్నా", నేను "ఇప్పుడో?" నీకు ఇదెక్కడైనా విన్నట్టుందా? ఆగు, అక్కడికే వస్తున్నా.

పక్క వ్యాన్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, డెబ్భై ఐదు దాటి ఉంటాయి. స్కాట్లండ్ వాడు, అయినా రేడియోలో క్రికెట్ వింటాడు. ఎందుకంటే ఇంగ్లండ్ ఓడిపోతుంటే వినడానికట. నా అవస్థ చూసీ చూసీ టీ కప్పు పట్టుకుని వచ్చాడు. దిక్సూచి చూసి పెట్టానన్నాను. బండికి ఆనుకుని చూస్తే అంత ఇనుము పక్కన ముల్లు అబద్ధం చెప్పదా అన్నాడు. నిజమే, పది అడుగులు దూరం జరిగితే ముల్లు ఠక్కున తిరిగింది. ఆ తర్వాత చెట్లు చూపించాడు. కొండలు అడ్డం కావట, చెట్లే అడ్డం. ఇంత కిందికి చూడాలంటే చెట్టు ఎంత ఎత్తుంటే దానికి మూడు రెట్లు దూరం జరగాలట. నా ముందున్న పైన్ ఇరవై మీటర్లు, నా కేబుల్ పది మీటర్లు. లెక్క నువ్వే చెప్పు, మన బ్యాచ్‌లో లెక్కల్లో నూటికి నూరు నీకేగా. (దొంగ నూరు. సరే, ఊరుకుంటున్నా.)

ఆయనే పదిహేను మీటర్ల కేబుల్ తెచ్చి ఇచ్చాడు, అగ్గిపెట్టెంత సిగ్నల్ మీటరు కూడా. రెండు కేబుళ్ళూ కలిపి, రెండు చెట్ల సందు వెతుక్కుని, కేబుల్ కొసలకి ఎఫ్ కనెక్టర్లు, అదే మర బిరడాలు, బిగించాను. మొదటిసారి బాక్సు షార్ట్ అంది. విప్పి చూస్తే అల్లిక తీగలోంచి వెంట్రుకంత పోగు ఒకటి మధ్య రాగితీగకి తగులుతోంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, గోటితో లాగాను. ఆయన మీటరుకి పక్కన చిన్న మర ఉంటుంది. అది పెంచితే దేన్ని చూసినా కీచుమంటుంది, తగ్గిస్తే అసలైనదాన్నే పట్టుకుంటుంది. తగ్గించి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతున్నా. ఆ గిన్నె అంచు అరసెంటీమీటరు కదిలితే డిగ్రీ తేడా. ఉన్నట్టుండి మీటరు పెళ్ళి సన్నాయిలా అందుకుంది!

"వచ్చింది నాన్నా! కానీ ఎవరో కేకు చేస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారో తెలీట్లేదు!"

జర్మన్. మీటరుకి సిగ్నల్ తెలుసు గాని అది ఎవరి సిగ్నలో తెలీదు, మన శాస్త్రి మాస్టారిలాగా. నేను పట్టుకున్నది 19.2 డిగ్రీల ఉపగ్రహం. అక్కణ్ణుంచి ఎడమకి పది డిగ్రీలు, కిందికి ఇంకో మూడు. తిప్పా. మళ్ళీ కూత. "ఇంగ్లీషే నాన్నా, ఛానల్ ఫోరే! కానీ కార్లు పరిగెడుతున్నాయి!"

మావా, నేను నిజంగా ఆ గడ్డిలో కూలబడ్డాను. ఆరోజే సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్‌ప్రి. రేసు అయ్యేదాకా క్రికెట్‌ని మోర్ ఫోర్ ఛానల్‌కి నెట్టేశారు. అది పెట్టేసరికి న్యూజీలాండ్ 241 కొట్టేసి కూర్చుంది, మీ చెల్లెమ్మ పెట్టిన పులిహోర ఎండి పలుకులైంది.

ముసలాయన్ని లోపలికి రమ్మన్నాను, రాలేదు. వాళ్ళావిడ పోయాక డిష్ అమ్మేశాడట. బయట ఒకరు తిప్పాలి, లోపల ఒకరు చెప్పాలి కదా, ఒక్కణ్ణి ఏం చేసుకోను అన్నాడు. టీ కప్పు ఖాళీ అయిపోయింది, అయినా ఊరికే దాంట్లోకి చూస్తూ... సరేలే.

అసలు కథ సాయంత్రం. ఆఖరి ఓవర్లలో బొమ్మ చతురస్రాలు చతురస్రాలుగా ముక్కలైపోవడం మొదలైంది. బయటికి పరిగెత్తాను. డిష్‌ని బిగించే బోల్టుకి మర అరిగిపోయి, గిన్నె నిద్రపోయే పిల్లాడిలా మెల్లగా ముందుకి వాలుతోంది. స్టాండు ఎగిరిపోకుండా నీళ్ళ క్యాన్ అయితే కట్టాను గాని బోల్టుకి ఏం కడతాను? వెనకనుంచి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నా.

"వచ్చింది! అలాగే ఉండు నాన్నా! చెయ్యి తియ్యకు!"

చెయ్యి తియ్యకు అంది రా. నువ్వు గుర్తొచ్చావు. 1996 మార్చి 13, ఈడెన్‌లో సెమీఫైనల్, మీ డాబా మీద నువ్వు యాంటెన్నా పట్టుకుని, మెట్ల మీద నేను, కింద వీధి వీధంతా. నువ్వు తుమ్మి చెయ్యి తీశావు. బొమ్మ పోయింది. తిరిగొచ్చేసరికి సచిన్ 65 దగ్గర స్టంపౌటై నడిచొస్తున్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఆ వికెట్ నీ ఖాతాలోనే ఉంది కదా.

ఇక్కడ నా మొహం నిండా మిడ్జ్‌లు. మన నుసుముల్లాంటివే, కాకపోతే కుడతాయి. గోక్కుందామంటే చేతులు డిష్‌కి ఉన్నాయి. పక్కన ముసలాయన రేడియో, లోపల మా అమ్మాయి కామెంటరీ. వచ్చిన చిక్కల్లా రేడియో రెండు మూడు సెకన్లు ముందు వస్తోంది. ఆయన "ఓహ్!" అంటాడు, అప్పటికి మా టీవీలో బౌల్ట్ ఇంకా బంతి వెయ్యడు. గప్టిల్ విసిరిన బంతి స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీకి పోయింది చూడు, ఆరు పరుగులు, అది నేను మూడుసార్లు విన్నా: ఆయన అరుపు, అమ్మాయి అరుపు, మీ చెల్లెమ్మ "అంటే ఏంటే అది?" ఒక్కసారీ చూడలేదు. మ్యాచ్ టై, 241కి 241. సూపర్ ఓవర్ టై, 15కి 15. భుజాలు పడిపోతున్నాయి. చివరి బంతికి గప్టిల్ రనౌట్ అని ముసలాయన మొహం చూసి తెలుసుకున్నా, తర్వాత లోపల కేక పడింది. బౌండరీలు లెక్కపెట్టి కప్పు ఇంగ్లండ్‌కిచ్చారు. ఆయన రేడియో కట్టేసి, మన భాషలో చెప్పుకోలేని మాట ఒకటి అన్నాడు. మీ నానమ్మ మాటకి దగ్గరగా ఉంటుంది.

బంతి బంతికీ నేనే ఆ డిష్ పట్టుకున్నాను, బంతి ఒక్కటీ చూడలేదు. ఆ రాత్రి మొహానికి మందు రాసుకుంటూ నీ గురించే ఆలోచించాను. డాబా మీద ఆరోజు దోమలు ఉండే ఉంటాయి కదరా? ఎప్పుడూ చెప్పలేదే నువ్వు?

అయినా సచిన్ వికెట్ మాత్రం నీదే. అందులో మార్పు లేదు. చెయ్యి నేను తియ్యలేదు కదా.

కొత్త బోల్టు కొన్నాను, రెండు పౌండ్లు. ఇంకా ముసలాయన కేబుల్ నా దగ్గరే ఉండిపోయింది, అది ఎలా పంపాలో... అయ్యో, పోస్టాఫీసు పన్నెండున్నరకి మూసేస్తారు, ఇప్పుడు పన్నెండూ పది. పాప సీటు సంగతి రాయి. బుల్లెట్ బండి సంగతి కూడా

నీ
మెట్లమీదవాడు