గల్ఫ్‌లో దిగిన మొదటి వారం గురించి మన కుర్రాళ్లకి ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీలో గల్ఫ్ వార్తలు రెండు రకాలే వస్తాయండి. ఏజెంట్ డబ్బులు తీసుకుని పారిపోయాడని ఒకటి, ఫలానా ఊరాయన బాడీ ఇన్నాళ్లకి ఇంటికి చేరిందని రెండోది. రెండూ రాయాల్సినవే, కాదనను. కానీ ఆ రెండింటి మధ్యలో ఎవరూ రాయని సంగతి ఒకటుంది. మనిషి ఒక్కడే విమానం దిగి, ఆ భాష రాక, చేతిలో పనిచేసే ఫోన్ కూడా లేకుండా గడిపే మొదటి వారం. తర్వాత జరిగేది మంచైనా చెడైనా చాలావరకు అక్కడే తేలిపోద్ది. మన ఊళ్లలో దాని గురించి ఒక్క ముక్క చెప్పి పంపేవాళ్లు లేరు, అందుకే ఈ ఉత్తరం.

నాది కవిటి మండలం. సౌదీలో జుబైల్‌లో పైప్ ఫిట్టర్‌గా చేసి వచ్చాను, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. మా ఉద్దానం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు బయటి దేశాలకి వెళ్లడం ముందు నుంచీ ఉన్నదే గానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం చేసిపోయాక తోట నమ్ముకున్న ఇళ్లలోంచి కూడా పిల్లలు బయల్దేరారు. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది కదండి, అంతవరకు ఇల్లెలా గడవాల. పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై వెళ్లడం, అక్కడ ట్రేడ్ టెస్టు, మెడికల్, మళ్లీ ఇంటికొచ్చి వీసా కోసం ఎదురుచూపు. ఇదంతా మా వైపు చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. దిగాక ఏటవుద్దో మాత్రం అడిగితే పెద్దోళ్లకీ తెలీదు.

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దిగితే ముందు ఇమ్మిగ్రేషన్ లైను, వేలిముద్రలు, ఫొటో. బయటికొస్తే కంపెనీ బోర్డు పట్టుకుని ఒకాయన ఉంటాడు, మన బ్యాచ్ వాళ్లందరూ వచ్చేదాకా బండి కదలదు, ఎంతసేపని ఎవరూ చెప్పరు. వేసవిలో అయితే రాత్రిపూట కూడా తలుపు తియ్యగానే వేడి మొహానికి కొడుతుంది. అప్పటికి మనవాడికి కావాల్సింది ఒక్కటే, ఇంటికి ఫోన్ చేసి దిగానమ్మా అని చెప్పడం. మన సిమ్ పనిచెయ్యదు, అక్కడి సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు, వేలిముద్ర కావాలి, కొన్నిచోట్ల వైఫై కలపాలన్నా ఏదో నంబరుకి ఓటీపీ వస్తానంటాది. ఇక్కడ తల్లి, పెళ్లాం రాత్రంతా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. మనకి పది గంటలైతే సౌదీలో ఏడున్నర, ఆ సంగతి కూడా తెలీక ఇంకా ఫోన్ రాలేదేటని ఏడుపులు మొదలెడతారు. బయల్దేరేముందు మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే ఇదంతా ఉండదు, బ్యాంకు ఓటీపీలు కూడా వస్తాయి. దుబాయ్ వెళ్లేవాళ్లకి ఇంకోటి, అక్కడ వాట్సప్ కాల్ కలవదు, మెసేజీ, వాయిస్ మెసేజీ వెళ్తాయి. ఈ ఒక్క ముక్క ముందే ఇంట్లో చెప్పి వెళ్తే ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర పడుతుంది.

క్యాంపుకి చేరగానే పాస్‌పోర్టు అడుగుతారు. నేను వెళ్లినప్పుడు కూడా అడిగారు, అందరూ ఇచ్చేస్తుంటే కొత్తోడు ఒక్కడే నిలబడి ఇవ్వనని ఎలాగంటాడు. ఇఖామా అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు, ఆ పనికి పాస్‌పోర్టు తీసుకోవడం వేరు, అట్టే పెట్టేసుకోవడం వేరు. సౌదీ రూలు ప్రకారం పాస్‌పోర్టు వర్కర్ దగ్గరే ఉండాలి. వచ్చిన 90 రోజుల్లోపు ఇఖామా చేయించాల్సింది కంపెనీయే, దాని ఫీజు కూడా కంపెనీదే. అది చేతికొచ్చేదాకా పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, ఎంట్రీ స్టాంపు పడ్డ పేజీ జిరాక్సులు జేబులో ఉండాలి, ఇంకో సెట్టు ఇంట్లో పెట్టి వెళ్లాలి, ఫోన్‌లో ఫొటోలు కూడా. తర్వాత అరబ్బీలో కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటారు. ఇక్కడ చెప్పిన జీతం, డ్యూటీ గంటలు, ఓవర్‌టైమ్ అందులో ఉన్నాయో లేదో మనకెలా తెలుస్తాది? ఇక్కడ సంతకం పెట్టిన కాంట్రాక్టు కాపీ దగ్గరుంటే అడగడానికి ఒక ఆధారం ఉంటది. ఇప్పుడు సౌదీలో కాంట్రాక్టులు కివా అనే ఆన్‌లైన్ సిస్టంలోకి వచ్చాయి, ఇఖామా వచ్చాక మన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఈ మాట మన ఊళ్లలో ఎంతమందికి తెలుసండి?

రూములో ఎవరుంటారో మన చేతిలో లేదు. బీహారోళ్లు, కేరళోళ్లు, బంగ్లాదేశోళ్లు, నేపాలీలు. అందరూ మాట్లాడేది హిందీ. మన శ్రీకాకుళం కుర్రాడికి అది రాదు, మొదటి రోజుల్లో బాత్‌రూమ్ ఎక్కడ, బస్సు ఎన్నింటికి అని అడగడానికే నోరు తిరగదు, ఎవరో నవ్వుతారని ఊరుకుంటాడు, ఊరుకుంటే భోజనం కూడా దాటిపోద్ది. మా ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లకి కొంత నయం, మాకు ఒడియా వస్తాది, గంజాం జిల్లా వాళ్లు క్యాంపుల్లో బాగా ఉంటారు. నాకు మొదటి రోజు అన్నం పెట్టింది బరంపురం దగ్గరి ఒక అన్న. ఆయనది ఏ ఊరో అడిగేలోపే కంచం నా ముందు పెట్టాడు. అలాంటివాళ్లు దొరికితే అదృష్టం, కానీ అదృష్టం మీద పిల్లల్ని పంపకూడదు. వీసా కోసం ఎదురుచూసే నెలల్లో పనికొచ్చే హిందీ ఒక యాభై మాటలు నేర్పేవాళ్లుంటే చాలు.

డబ్బుల సంగతి. మొదటి జీతం చేతికి రావడానికి నెలన్నర పట్టొచ్చు. అందాకా మెస్సుకి, సబ్బుకి, సిమ్‌కి ఏదో కొంత ఉండాల. ఇంటికాడ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకి కట్టి వెళ్లినోడి జేబులో ఏటుంటాది? రిజిస్టరైన ఏజెంటు వర్కర్ దగ్గర తీసుకోవాల్సింది 30 వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంతే, మొత్తం 35,400. లక్ష, లక్షన్నర అడుగుతున్నారంటే రూలు దాటి అడుగుతున్నట్టే. విదేశాంగ శాఖ వాళ్ల ఎమిగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటు పేరుందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. పది పాసవ్వనివాళ్లకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాల్సిన పాస్‌పోర్టు, వాళ్లు పనికోసం 18 దేశాలకి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చెయ్యాలి, రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, ప్రమాదంలో మనిషి పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపేస్తాం, అక్కడికెళ్లాక మార్పిస్తాం అన్నారంటే ఈ క్లియరెన్సూ ఉండదు, కాంట్రాక్టూ ఉండదు. అలా దిగినోడికి మొదటి రోజు నుంచే పోలీసంటే భయం, ఓనరంటే భయం. దయచేసి అలా వెళ్లొద్దు, ఎంత అవసరమున్నా.

ఈ అప్పు వల్లే ఇంకో పని జరుగుతాది, నాకు అన్నిటికంటే బాధ అదే. మనవాడు అక్కడ ఎంత కష్టంలో ఉన్నా ఇంటికి చెప్పడు. "ఎలాగున్నావురా నాన్నా" అంటే "బాగున్నానమ్మా, ఏసీ రూము ఇచ్చారు" అంటాడు. రూములో ఏసీ ఉంటది, నిజమే, ఒక్కో రూములో ఎంతమంది పడుకుంటున్నారో చెప్పడు. ఇటునుంచి ఇంట్లోవాళ్లు రెండోసారి ఫోన్‌లోనే డబ్బులెప్పుడు పంపుతావు, వడ్డీ ఆయన వచ్చి వెళ్లాడు అంటారు. అంటే ఇంక వాడు ఎవరికి చెప్పుకుంటాడు. అమ్మలకి, వదినమ్మలకి, చెల్లెళ్లకి నేను దండం పెట్టి చెప్తున్నాను, మొదటి నెల డబ్బు ఊసెత్తొద్దు. తిన్నావా, ఎక్కడ పడుకున్నావు, నీతో ఎవరున్నారు, క్యాంపు పేరేటి, కంపెనీ పేరేటి, ఇవి అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా అయితే కలెక్టరాఫీసుకి వెళ్లినా, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టినా ముందు అడిగేవి ఇవే.

ఇక ఒంటి సంగతి, ఇది మా ఉద్దానం వాళ్లకి ముఖ్యం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని రూలుంది. మిగతా గంటలు పని ఉంటాది కదా. కొత్తగా ఆ ఎండలో దిగిన ఒంటికి అలవాటవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మొదటి రోజుల్లోనే పడిపోతారు మనుషులు. కొత్తోడు పాతోళ్లతో సమానంగా చెయ్యాలని పంతం పడతాడు, నీళ్లు తాగడానికి ఆగితే ఫోర్‌మన్ ఏమంటాడోనని ఆగడు, రాత్రి ఒళ్లు నొప్పులకి ఎవరో ఇచ్చిన గోళీ మింగుతాడు. కిడ్నీ జబ్బు ఉన్న ఊళ్ల నుంచి వెళ్లినోడికి ఈ మూడూ కలిస్తే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. గల్ఫ్ మెడికల్లో ఫిట్ అన్నారు కదా అని ఊరుకోకుండా వెళ్లేముందు కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి, పలాసలో 2023 డిసెంబర్‌లో మొదలైన కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి మన గుమ్మంలోనే ఉన్నాయి. నొప్పి గోళీలు డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు.

సామాన్లలో గసగసాలు పెట్టకండి. మనకి మసాలా దినుసు, సౌదీలో, ఎమిరేట్స్‌లో, కతార్‌లో నిషేధం, దొరికితే జైలు. మందులు తీసుకెళ్తే డాక్టరు చీటీ ఉండాలి. ఎయిర్‌పోర్టులో ఎవరైనా మా తమ్ముడికి ఇవ్వు బాబూ అని పచ్చడి పొట్లం ఇస్తే తీసుకోవద్దు, మొహమాటం పడొద్దు, అందులో ఏముందో మనకి తెలీదు, పట్టుబడితే అక్కడ చెప్పుకోడానికి భాష కూడా రాదు.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగాఫ్‌లో వర్కర్లుండే బిల్డింగు కాలిపోయి మన దేశం వాళ్లే నలభై మందికి పైగా పోయారు, అందులో మన శ్రీకాకుళం జిల్లా మనిషీ ఉన్నారు. ఎక్కువమంది పొగకే పోయారు. ఆ తర్వాత నేను మా వైపు కుర్రాళ్లు ఎవరు బయల్దేరినా చెప్తున్నాను, రూములోకి వెళ్లిన మొదటి రాత్రి మంచం వెయ్యకముందు మెట్లెక్కడున్నాయో, ఇంకో దారి ఉందో లేదో, దానికి తాళం ఉందో చూసుకోమని. అంబులెన్సు నంబరు సౌదీలో 997, అది గోడ మీద రాసి పెట్టుకోమని.

ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టినవి కాదండి, వెళ్లొచ్చిన ప్రతివాడికీ తెలుసు. వెళ్లేవాడికే తెలీదు. విదేశాంగ శాఖ వాళ్లకి వెళ్లేముందు ఇచ్చే ఒకరోజు ట్రైనింగు ఉంది, 1800 11 3090 అని హెల్ప్‌లైను ఉంది. ఉన్నాయని మా మండలంలో పదిమందిని అడగండి, తొమ్మిదిమంది లేవంటారు. ఆ ట్రైనింగు పలాసలోనో సోంపేటలోనో, తెలుగులో, నెలకోసారైనా పెట్టమని జిల్లా కలెక్టరు గారిని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. పక్క విజయనగరం జిల్లా నుంచి వెళ్లేవాళ్లకీ అక్కడ అలాగే పెట్టాలి. చెప్పేవాళ్లు ఆఫీసర్లే కానక్కర్లేదు. నాలాగ తిరిగొచ్చినవాళ్లం ప్రతి ఊళ్లోనూ ఉన్నాం, ఒక స్కూలు గది, ఒక ఆదివారం ఇస్తే మా ఖర్చుతో వచ్చి చెప్తాం, ఆడవాళ్లని కూడా కూర్చోబెట్టాలి, వాళ్లు వినాల్సింది సగం ఉంది. మీరు కూడా గల్ఫ్ ఉద్యోగాల ప్రకటన వేసిన రోజు దాని కిందే ఆ హెల్ప్‌లైను నంబరు వెయ్యండి సార్, రెండు లైన్లు పడుతుంది.

ఇట్లు,
ఒక పైప్ ఫిట్టర్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా