షీటు తీసి మళ్లీ చూడు, బిడ్డా

నల్లగొండ,
ఆషాఢం

బిడ్డా,

కారు ముందు జాలీకి ప్లాస్టిక్ షీటు కట్టి వచ్చానని, మైలేజీ లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగిందని మొన్న ఫోన్లో చెప్తుంటే నాకు మస్తు సంతోషమైంది. జాలీలోంచి దూరిన గాలి రేడియేటర్‌కు, ఇంజన్‌కు తగిలి బండిని వెనక్కి పడుతుంది. కొంత మూస్తే కొంత కలిసొస్తుంది, నిజమే. కానీ ఆ రెండు కిలోమీటర్లూ షీటు వల్లే వచ్చాయంటే నేను ఇప్పుడే ఒప్పుకోను.

నువ్వు చూసింది హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చేటప్పటి లెక్క. హైదరాబాద్ మనకన్నా నూరు మీటర్లకు పైనే ఎత్తులో ఉంది. చౌటుప్పల్, చిట్యాల దాటుతుంటే కంటికి తెలియదు గానీ మొత్తం మీద బండి దిగుతూనే వస్తుంది. పైగా ఇప్పుడు పడమటి గాలి. డాబా మీద బట్టలు క్లిప్పులు పెట్టినా నిలవడం లేదు. ఆ గాలి నీ బండిని వెనక నుంచి తోసింది. తిరిగి పోయేటప్పుడు అదే ఎదురొస్తుంది. అందుకే రానుపోను కలిపి చూడాలి.

సిటీ ట్రాఫిక్‌ను ఇందులో కలపకు. ఆదివారం పొద్దున్నే ఇక్కడి నుంచి బయల్దేరి, నార్కట్‌పల్లి చేరేసరికి ఇంజన్ వేడెక్కుతుంది. అక్కడ మీటర్లో మైలేజీ సగటును సున్నా చేసి, హైవే మీద నకిరేకల్ దాకా పోయి మళ్లీ నార్కట్‌పల్లికి రా. ఇంకా ముందుకు కొర్లపహాడ్ టోల్‌గేట్ దాకా పోవద్దు, ఆగి కదిలితే లెక్క చెడుతుంది. స్పీడు 80 దాటనీయకు, తగ్గనీయకు. 100లో గాలి ఎదురు 80లో కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, ఒక్కో తిప్పులో ఒక్కో స్పీడుంటే ఆ తేడాలో షీటు చేసే మేలు కనబడదు. ఇంత చిన్న దూరానికి బంకులో నింపి చూసే లెక్క పనికిరాదు. నాజిల్ టక్కుమని ఆగే చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, అర లీటరు తేడా వచ్చినా అంతా తారుమారే.

ముందు షీటు లేకుండా ఒక తిప్పు, పెట్టి ఒక తిప్పు, మళ్లీ తీసేసి ఇంకో తిప్పు. ఆ మూడోది మాత్రం ఎగ్గొట్టకు. షీటు తీశాక అంకె పాత చోటికి దిగితేనే పని చేసింది షీటు. దిగకపోతే ఎండెక్కడమో, గాలి మారడమో ఇంకేదో ఉన్నట్టు. మూడు తిప్పులూ ఒకే ట్యాంకు పెట్రోలుతో కానియ్యి. బంకు పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. దాంట్లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, మధ్యలో నింపితే అది కలిసిన వంతు మారొచ్చు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే కొట్టించు. మైలేజీ కోసం ఎక్కువ కొట్టిస్తే వానకు తడిసిన రోడ్డు మీద బ్రేకు పట్టదు, నాకు అదే భయం.

పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతం కొననా అని అడిగావు. వద్దు. అలాంటి పరికరాలు వందకు పైగా అమెరికా పర్యావరణ సంస్థ పరిశీలించింది, చాలావాటితో ఒరిగిందేమీ లేదు.

షీటుతో జాలీ మొత్తం మూయకు, పై సగం చాలు. రేడియేటర్ ముందే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా ఉంటుంది, దానికీ గాలి కావాలి. ఎండాకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు కొడుతుంది, అప్పుడు షీటు ఊసే వద్దు.

శనివారం వచ్చేటప్పుడు షీటు డిక్కీలో పెట్టుకొని రా. పొద్దున నేనూ పక్క సీట్లో కూర్చుంటా. నువ్వు నడుపు, అంకెలు నేను రాస్తా.

ఇట్లు,
నాయన