బ్యాకప్ కోసం మనిషిని రాత్రిదాకా కూర్చోబెట్టొద్దు

సంపాదకుల వారికి,

మా పాలిటెక్నిక్‌లో చదివి ఓ ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటరుగా చేరిన అమ్మాయి ఈమధ్య మా ల్యాబ్‌కి వచ్చింది. రోజూ రాత్రి పదిన్నరదాకా ఆఫీసులోనే ఉండాల్సి వస్తోందట. పగలంతా డేటాబేస్ వాడకంలో ఉంటుంది కాబట్టి, అందరూ వెళ్లాక బ్యాకప్ (డేటాకి నకలు తీసే) కమాండ్ కొట్టాలి. ఆఖరి బస్సు దొరుకుతుందో లేదోనని టెన్షన్. ఏ సిస్టమ్ అని అడిగితే లినక్స్ అంది. వినగానే బాధేసింది, కోపమూ వచ్చింది.

చెప్పిన టైముకి కమాండ్‌ని తనంతట తానే నడిపే క్రాన్ అనే ప్రోగ్రాం లినక్స్‌లో ఉంది. లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్‌లో, 1979 నాటి ఏడో వెర్షన్‌లోనే అది ఉంది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం వరుసలో 30 22 * * * అని (* అంటే ఏదైనా సరే అని) రాసి పక్కన కమాండ్ పెడితే, రోజూ రాత్రి పదిన్నరకి అదే నడుస్తుంది. ఒక్కసారికే కావాలంటే ఎట్ (at) కమాండ్‌కి టైమ్ చెప్పి ఇంటికెళ్లిపోవచ్చు.

మనిషి దగ్గరుంటేనే నమ్మకం అంటారు అధికారులు. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆ సమయానికి సిస్టమ్ ఆగి ఉంటే క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది, తర్వాత చేయదు. రోజువారీ పనులకైతే, తప్పిపోయిన పనిని సిస్టమ్ ఆన్ అయ్యాక నడిపే అనాక్రాన్ అనే ప్రోగ్రాం ఆ లోటు తీరుస్తుంది. సర్వర్ గడియారం యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే, రాత్రి రెండింటికని రాసింది మనకి ఉదయం ఏడున్నరకి, జనం వచ్చే వేళ దగ్గరపడ్డాక మొదలవుతుంది. చేత్తో కొడితే నడిచిన కమాండ్ క్రాన్‌లో నడవకపోవచ్చు. దానికి పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది, అందుకే కమాండ్ ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి దారి రాయాలి. ఫైలు పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్ పెడతాం కదా, అందులోని % గుర్తు దగ్గర క్రాన్ లైనుని తెంపేస్తుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) తప్పనిసరి. నేను చూసినంతలో కుర్రాళ్లు ఎక్కువగా తలపట్టుకునేది ఇక్కడే.

ఇవన్నీ నేర్పితే వచ్చేవే. ల్యాబ్ పరీక్షలో కమాండ్ పేరు, అర్థం రాయించి మార్కులు వేస్తే సరిపోదు. పిల్లల చేత క్రాన్‌లో జాబ్ (టైముకి నడిచే పని) పెట్టించి, మధ్యలో సిస్టమ్ ఆపించి, ఏది తప్పిపోయిందో లాగ్‌లో (ఏ పని ఎప్పుడు నడిచిందో రాసుండే ఫైలులో) వాళ్ల చేతే వెతికించాలి.

అధికారులకి నా మనవి ఒకటే. రాత్రి డ్యూటీ తీసేసి, పొద్దున్నే లాగ్ చూసే బాధ్యత ఒకరికి రాసివ్వండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే సిస్టమ్‌లో తెరిచి చూపించమనండి.

– కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, రాజమహేంద్రవరం